కొత్తలంకలో కాలువ సన్నబడింది

లాగ్ 1. సోమవారం

కమిటీవారి ఆజ్ఞ ప్రకారం ఈ రోజు నుంచి లాగ్ రాస్తున్నాను. లస్కరు అన్నాక కాలువల పరిస్థితి రాసి పెట్టాలట. కాలువల్లో నీళ్ళున్నాయి. పరిస్థితి అయిపోయింది. అయినా పేజీ నిండాలని మా చినమావగారు పట్టుబట్టారు కాబట్టి నింపుతాను. ఆయన పేరు భూలోకం, కొత్తలంక కమిటీ ప్రెసిడెంటు. అలాంటి పేరు పెట్టుకుని భూమినే వదిలేసి వచ్చాడేమిటని ఓడలో అందరూ నవ్వుకునేవాళ్ళు. ఆయన మాత్రం నవ్వేవారు కాదు. నవ్వితే హోదా తగ్గుతుందని ఆయన నమ్మకం.

నా పేరు నూకరత్నం. మా తాతముత్తాతలు గోదావరి లంకల్లో లస్కర్లు, అంటే కాలువలకి కాపలా ఉండి తూములు ఎత్తి దించేవాళ్ళు. ఆ లంకలు సముద్రంలో కలిసిపోయాక మమ్మల్ని ఓడ ఎక్కించారు. నీళ్ళ మీద పోయే ఓడ కాదు, చుక్కల మధ్య పోయేది. ఏళ్ళ తరబడి అందులో అరల్లో సామాన్లలాగా సర్దుకుని బతికాక, ఈ గ్రహం మీద ఒక పీఠభూమి చూపించి, ఇదే మీ ఊరు, దిగండి అన్నారు. చుట్టూ చిత్తడి, మధ్యలో మేము. ఇంకేం, కొత్తలంక అని పేరు పెట్టేసుకున్నాం. పేరు పెట్టడంలో మావాళ్ళు ఎప్పుడూ ఆలస్యం చెయ్యరు.

ఇక్కడ పగలు ఎండ నెత్తి మాడుస్తుంది. పొద్దు వాలిందంటే చలి ఎముకల్లో దూరుతుంది. తెల్లారేసరికి ఆకుల మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి పొర ఉంటుంది. దాన్ని చలికాటు అంటాం. అది పడ్డ మొక్క ఎండ తగలగానే ఉడికించిన తోటకూరలా నల్లగా వాలిపోతుంది. మొదట్లో ఓడవాళ్ళు పొలాల్లో వేడి దీపాలు పెట్టారు. దీపాల పక్కన నాలుగు దుంపలు బతికాయి, మిగతా పొలమంతా పోయింది. తర్వాత కరెంటు ఓడకే చాలడం లేదని ఆ దీపాలు కూడా పట్టుకుపోయారు.

అప్పుడు ఎవరో పాత పుస్తకాల్లోంచి ఒక సంగతి బయటికి తీశారు. పాత భూమి మీద, ఎత్తైన కొండల మధ్య, పెద్ద సరస్సు ఒడ్డున, యంత్రం అన్న మాటే వినని జనం ఎత్తుమడులు కట్టి, మడికీ మడికీ మధ్య కాలువ తవ్వి, దుంపలు పండించుకున్నారట. పగటి ఎండని కాలువ నీళ్ళు పట్టి ఉంచుతాయి. రాత్రికి ఆ వేడిని మెల్లగా వదులుతాయి. దాంతో మడుల మీద పొగమంచు లేచి కప్పుకుంటుంది, ఆకు బతుకుతుంది. కాలువ అడుగున పేరుకున్న ఒండ్రు ఎత్తి మడి నెత్తిన వేస్తే అదే ఎరువు. చుక్కలు దాటొచ్చిన మాకు చివరికి దిక్కయింది ఒక గుంట, ఆ గుంటలో నీళ్ళు.

మంచి కబురు ఒకటి రాయాలి. నా మోకాలు నయమైంది. పోయినేడాది పెద్దకాలువ దాటాలంటే అడ్డంగా చెక్క పలక వేసుకునేదాన్ని. ఈ రోజు పలక లేకుండా ఒక్క అంగలో దాటేశాను. వీరమణి కాచి ఇచ్చిన నూనె మహిమ అనుకుంటున్నాను.

లాగ్ 2. మంగళవారం

విత్తనపు మడి గురించి విడిగా రాయమన్నారు. ఊళ్ళో మిగతా మడులన్నీ తిండికి. ఆ ఒక్క మడి మాత్రం వచ్చే ఏడాది విత్తనానికి. దాన్ని చూసుకునేది నా తోడికోడలు వీరమణి. మా మరిది ఓడ డ్యూటీలో పైనే ఉన్నాడు. అక్కడ అతను ఏం మరమ్మతు చేస్తున్నాడో దేవుడికే తెలియాలి, ఇంట్లో అయితే తలుపు గడియ కూడా బిగించేవాడు కాదు.

వీరమణికి ఇప్పుడు ఏడో నెల. మొదటి బిడ్డ ఓడలోనే పుట్టింది, ఓడలోనే పోయింది. అక్కడి గాలిలో పుట్టిన పిల్లలు నిలవడం కష్టమని డాక్టర్లే చెప్పారు. పాతిపెట్టడానికి అక్కడ గుప్పెడు మట్టి కూడా లేదు. ఆ రోజు వీరమణి ఏడవలేదు. నేనే ఏడ్చాను. మళ్ళీ కంటే నేల మీదే కంటానని ఆ రోజే నాతో అంది.

విత్తనం చేతికి రాకపోతే ఊరు ఎత్తేసి అందర్నీ మళ్ళీ ఓడ ఎక్కిస్తామని పైవాళ్ళు ముందే చెప్పి పెట్టారు. అంటే వీరమణి పురుడు ఇక్కడ జరగాలంటే ఆ మడి బతకాలి. సంగతి ఇంతే. మిగతావన్నీ కమిటీ మీటింగుల కోసం.

ఊరి మధ్యలో స్తంభానికి ఒక యంత్రం ఉంది. చలికాపు అని దాని పేరు. ఓడవాళ్ళ బహుమానం. ఈ సాయంత్రం అది గొంతు సవరించుకుని, "గౌరవనీయులైన రైతు సోదర సోదరీమణులకు నమస్కారం. నేడు చలి అధికంగా ఉండగలదు. దయచేసి మీ పంటను ఇంటి లోపలికి తీసుకువెళ్ళగలరు" అని చెప్పింది. దీన్ని తయారుచేసిన మహానుభావుడు దుంప మొక్కని పూలకుండీలో చూసి ఉంటాడు. మేము పంటను ఇంటి లోపలికి తీసుకువెళ్ళలేదు.

లాగ్ 3. గురువారం

చలికాటు పడింది. ఎత్తుమడులు కట్టుకున్నాక ఇదే మొదటిసారి. చినమావగారి మడిలో అంచు వరసలన్నీ నల్లబడ్డాయి. ఇంకో రెండు మడుల్లో అక్కడక్కడా మచ్చలున్నాయి. విత్తనపు మడిలో ఒక మూల నాలుగు మొక్కలు పోయాయి. వీరమణి ఆ నాలుగింటినీ పీకి, ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద కూర్చుండిపోయింది. లేవమ్మా, నాలుగే కదా అన్నాను. నాలుగుతోనే మొదలవుతుందక్కా అంది. ఆ మాట కమిటీవారికి పనికొస్తుందని ఉన్నది ఉన్నట్టు రాసి పెడుతున్నాను.

మధ్యాహ్నానికి ఊళ్ళో ప్రతివాడూ శాస్త్రవేత్త అయిపోయాడు. యంత్రం దిష్టి అన్నారు ఒకరు. ఒండ్రులో పస తగ్గిందన్నారు ఇంకొకరు. మా ఆయన గంభీరంగా ఆకాశం వైపు చూసి, సూర్యుడు కొంచెం చల్లబడ్డాడని తేల్చారు. అందరికంటే ఘనమైన ఆలోచన చినమావగారిది. నీళ్ళే చలికి మూలమట. రాత్రంతా నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని పడుకుంటే మనిషికి జలుబు చెయ్యదా, మొక్కకి మాత్రం చెయ్యదా అని అడిగారు. పైగా లంకల్లో కోతల ముందు చేలో నీళ్ళు తీసెయ్యడం మన తాతలనాటి పద్ధతి అన్నారు. జనం తలలూపారు. తాతలనాటిది అంటే మావాళ్ళు దేనికైనా తలూపుతారు. తాతలనాడు అక్కడ చలికాటు లేదని, అసలు ఇక్కడ తాతలే లేరని నేను అన్నాను. ఎవరూ చెవిన పెట్టలేదు.

లాగ్ 4. శుక్రవారం

ప్రెసిడెంటుగారి ఆదేశం మీద వారి మడి చుట్టూ ఉన్న కాలువకి అడ్డుకట్టలు వేసి, తూము ఎత్తి, నీళ్ళు చిత్తడిలోకి వదిలేశాను. వద్దని చెప్పాను. రాసి ఇమ్మన్నారు. ఇదిగో, రాస్తున్నాను: వద్దని చెప్పాను.

లాగ్ 5. శనివారం

చినమావగారి మడి మొత్తం పోయింది. ఒక్క ఆకు మిగల్లేదు. పొద్దున్నే ఆయన తలపాగా తీసి చేత్తో పట్టుకుని, ఆ నల్లటి వరసల మధ్య అటూ ఇటూ నడిచారు. నాకు నవ్వు రాలేదు. ఏడాది పొడుగునా ఆయన ఒండ్రు మోసిన మడి అది. మనిషికి నోరు పెద్దదైనా నడుము మాత్రం కష్టానికి వంగేదే. ఆయన నా వైపు చూసి, తూము దించేయమన్నట్టు చేత్తో సైగ చేశారు. దించేశాను.

నీళ్ళు తీసేస్తే మొత్తం పోయింది. కాబట్టి నీళ్ళే కాపాడుతున్నాయి, అందులో అనుమానం లేదు. మరి నీళ్ళున్న మడులకి కాటు ఎందుకు పడింది? ఇదే ఆలోచిస్తూ పెద్దకాలువ దగ్గరికి వెళ్ళి, ఒక్క అంగలో దాటాను. దాటాక ఆగిపోయాను. వెనక్కి తిరిగి మళ్ళీ దాటాను. చేతిలోని గెడకర్ర తీసి కాలువకి అడ్డంగా పెట్టాను. పోయినేడాది అదే కర్ర కాలువ సగానికి కాస్త దాటేది. ఇప్పుడు ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఆని, ఇంకా మిగిలింది.

నా మోకాలు నయం కాలేదు. కాలువ సన్నబడింది.

ఆ క్షణాన నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఎలా సన్నబడిందో నాకు చెప్పేవాళ్ళు అక్కర్లేదు. మా రక్తంలో ఉన్న పనే అది. లంకల్లో ఉన్నప్పుడు ప్రతి రైతూ పొద్దున్నే చేలోకి వెళ్ళి, పక్కవాడు చూడకుండా రెండు పారలు గట్టు చెక్కి తన చేలో కలుపుకునేవాడు. ఇక్కడ మడికీ మడికీ మధ్య చెక్కడానికి గట్టు లేదు, ఉన్నది కాలువ. అందుకని కాలువలోంచి తీసిన ఒండ్రుని మడి నెత్తిన వెయ్యకుండా, మడి అంచున వేసి కాలుతో తొక్కుతున్నారు. రోజుకి రెండు పారలు. కొన్ని నెలలు తిరిగేసరికి మడికి ఒక కొత్త వరస. ఆ వరసలో దుంపలు. కాలువ రెండు వైపులా రైతులే కాబట్టి, రెండు వైపుల నుంచీ వచ్చి నడుమ కలుసుకోవడానికి సిద్ధంగా ఉన్నారు. చుక్కలు దాటొచ్చాం గానీ ఆ రెండు పారల బుద్ధి మాత్రం మాతోనే ఓడ ఎక్కి, మాతోనే దిగింది.

సన్నటి కాలువలో నీళ్ళెన్ని? ఆ నీళ్ళు పట్టే ఎండెంత? అర్ధరాత్రికే వేడి అయిపోతుంది. తెల్లవారుజామున, అసలు కాటు వేసే వేళకి, కాలువ దగ్గర ఇవ్వడానికి ఏమీ ఉండదు.

ఇంటికొచ్చి మా మడి అంచున తవ్వి చూశాను. మొదటి రోజు మేమే పాతిన హద్దు రాయి ఉండాల్సింది నీళ్ళ ఒడ్డున. అది దొరికింది రెండో వరస దుంపల కింద. మా ఆయన్ని పిలిచి రాయి చూపించాను. ఆయన దాన్ని చాలాసేపు పరిశీలించి, ఈ గ్రహం మీద రాళ్ళు కదులుతాయేమో అన్నారు.

లాగ్ 6. ఆదివారం

మీటింగు జరిగింది. రాళ్ళ సంగతి చెప్పి, ప్రతి మడినీ అందరి ముందూ తవ్వించాను. అన్ని రాళ్ళూ లోపలే దొరికాయి. కొన్ని మడుల్లో ఒక వరస లోపల, కొన్నింట్లో రెండు. ఒక్క ఇల్లు కూడా మినహాయింపు కాదు. ఇంత ఐకమత్యం ఊళ్ళో ఎప్పుడూ చూడలేదు. తమ మడి మాత్రం మొదట్నుంచీ ఇంతే ఉందని అందరూ చెప్పారు. పక్కవాడు ఒండ్రు తొక్కుతుండగా కళ్ళారా చూశామని కూడా వాళ్ళే చెప్పారు.

చివర్న విత్తనపు మడి తవ్వాం. నాకు ఆ మడి మీద అనుమానం లేదు. ఏదో లెక్క పూర్తి కావాలని తవ్వించాను. రాయి మూడో వరస కింద దొరికింది. ఊరంతటిలోనూ ఎక్కువ జరిగిన అంచు అదే. ఆ మడి చుట్టూ కాలువ కాదు, కాలిబాట అంత మిగిలింది. నేను వీరమణి వైపు చూశాను. తల దించుకుంది.

తర్వాత ఇంటి దగ్గర తనే చెప్పింది. విత్తనం కాస్త ఎక్కువుంటే మంచిదని మొదటి వరస వేసిందట. అది బాగా వచ్చిందని రెండోది. కడుపు నిలిచిందని తెలిసిన రోజున మూడోది. "అది బిడ్డ వరసక్కా. పుట్టేవాడికంటూ ఒక వరస ఉండాలనిపించింది" అంది. తిట్టడానికి నోరు తెరిచాను. మూసుకున్నాను. ఎవర్ని తిట్టమంటారు? నిద్రలో కూడా ఎవరికీ చెడు తలపెట్టని పిల్ల, తన బిడ్డ కోసమని, తన బిడ్డ బతకాల్సిన మడికి తానే చలి తెచ్చిపెట్టుకుంది.

ఎవరి అదనపు వరసలు వాళ్ళే తీసేసి కాలువని పాత వెడల్పుకి తేవాలని తీర్మానం పెట్టాను. ఏకగ్రీవంగా ఆమోదించారు. చప్పట్లు కూడా కొట్టారు. కొత్తలంకలో చప్పట్లు కొట్టిన తీర్మానం ఏదీ అమలు కాలేదన్నది నా అనుభవం.

లాగ్ 7. బుధవారం

ఎవరూ ఒక్క పార తియ్యలేదు. ఒకరికి నడుము పట్టేసింది. ఒకరు మంచి రోజు కోసం చూస్తున్నారు. ఇక్కడి ఆకాశంలో ఏ నక్షత్రం మంచిదో, ఏది చెడ్డదో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరని గుర్తు చేశాను. అందుకే ఆలస్యం అవుతోందన్నారు. ఇంకొకాయన, దుంపలు పిందె మీదున్నాయి, ఊరాక తవ్వుకుందాం, అన్నీ ఒకేసారి అయిపోతాయి కదా అన్నారు. మా ఆయన రెండు పూటలా పార నూరుతున్నారు. ఆ పార ఇప్పుడు గడ్డం గీసుకోవడానికి కూడా పనికొస్తుంది.

మధ్యాహ్నం చలికాపు మోగింది. రేపు రాత్రి ఈ ఏడాదికల్లా ఎక్కువ చలి ఉంటుందని, పైనుంచి చూసిన లెక్క తప్పదని చెప్పింది. ఈసారి పంటను ఇంట్లోకి తీసుకెళ్ళమనలేదు. ఓడలో అందరికీ చోటు సిద్ధంగా ఉంచామని, ఆందోళన పడవద్దని చెప్పింది. ఆ మాట విని వీరమణి పొట్ట మీద రెండు చేతులూ వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నాకు భయం వేసింది. నిజంగా వేసింది. లస్కరు లాగ్‌లో భయం రాయకూడదని నియమం ఉంటే కమిటీవారు కొట్టేసుకోవచ్చు.

లాగ్ 8. గురువారం

రాత్రి నిద్ర పట్టక పడుకుని ఆలోచించాను. మావాళ్ళ చేత ఏ పనైనా చేయించాలంటే, ముందు మావాళ్ళు ఎలాంటివాళ్ళో ఒప్పుకోవాలి. ఎన్ని తరాలుగానో లంకల్లో ఎవడూ తన గట్టు తాను తగ్గించుకోలేదు. కానీ పక్కవాడి గట్టు కొలవమంటే అన్నం మానేసి మరీ కొలిచేవాళ్ళు.

తెల్లారగానే అందర్నీ స్తంభం దగ్గరికి పిలిచాను. చినమావగారు కుర్చీలో ముభావంగా కూర్చున్నారు. మడి పోయినప్పటి నుంచి ఆయన అలాగే ఉన్నారు.

"తీర్మానంలో ఒక్క మార్పు" అన్నాను. "ఎవరి మడి వాళ్ళు ముట్టుకోవద్దు. ఎవరికి కుడిచేతి వైపున్న మడి వాళ్ళు తవ్వండి. రాయి కనబడేదాకా తవ్వండి."

చినమావగారు కుర్చీలోంచి లేచారు. ఆయన కుడిచేతి వైపు మడి మాది.

"రాయి కూడా జరిపి పాతారేమో, అమ్మాయ్. దాని అవతల కూడా ఓ చేతి పొడుగు తవ్వి చూడాలి" అన్నారు.

"మీ ఇష్టం, మావయ్యగారూ" అన్నాను.

అంతే. నడుములు పట్టేసినవాళ్ళకి పట్టు వదిలిపోయింది. మంచి రోజు ఆ రోజే అయిపోయింది. ఈ గ్రహం మీద దిగినప్పటి నుంచి ఇంత ఉత్సాహంగా పని జరగడం నేను చూడలేదు. ప్రతివాడూ పక్కవాడి మడిలో దిగి న్యాయం జరిపిస్తున్నాడు. ఎప్పుడో ఓడలో పడక దగ్గర జరిగిన గొడవలు, పెళ్ళిలో పిలవకపోవడాలు, అరువు తీసుకున్న జల్లెడ తిరిగివ్వకపోవడాలు, అన్నీ పారల్లోంచి బయటికొచ్చాయి. రాయి దొరికినా ఆగలేదు. రాయి జరిగిందన్నారు, అవతల ఒక చెయ్యి తవ్వారు. చినమావగారు మా మడిని ఎంత శ్రద్ధగా తవ్వారంటే, మా ఆయన గట్టు మీద నిలబడి, బాబాయ్, మాకు పడుకోవడానికైనా చోటు ఉంచు అని బతిమాలారు. తర్వాత ఆయన కూడా పార పట్టుకుని నాతో వచ్చారు.

మాకు కుడిచేతి వైపున్నది విత్తనపు మడి.

వీరమణి ఆ మడి పక్కనే పీట వేసుకుని కూర్చుంది. అడ్డు రాలేదు. రాయి దగ్గర మొదలెట్టి, లోపలి రెండు వరసలూ ఇద్దరం కలిసి తీసేశాం. నీళ్ళ అంచునున్న మూడో వరస దగ్గరికి వచ్చేసరికి మా ఆయన పార దించి పక్కకి తిరిగి నిలబడ్డారు. ఆయన వల్ల కాలేదు. నా వల్ల కూడా కాదనుకున్నాను. ఆ వరస మిగతా వాటికంటే ఏపుగా ఉంది. రోజూ నీళ్ళు చల్లి, ఆకులు తుడిచి పెంచింది అది.

"తీసెయ్యక్కా" అంది వీరమణి.

తీశాను. ప్రతి మొక్కా పెకలించినప్పుడు వేళ్ళకి గోళీకాయలంత పిందెలు వేలాడుతూ వచ్చాయి. అవి చూసి నా కళ్ళు మసకేశాయి. ఏ మడిలోనూ లేనంత జాగ్రత్తగా ఆ పిందెలన్నీ ఏరి ఆమె ఒళ్ళో పోశాను. ఒక్కోటీ తీసి మట్టి తుడిచి పక్కన పెట్టుకుంది.

పొద్దు నడినెత్తికి రాకముందే ఊరి ఎగువనున్న చెరువు తూములన్నీ ఎత్తి కాలువల్లోకి నీళ్ళు వదిలాను. పగలు ఇంకా ఉంది, ఎండ మండుతోంది, కాలువలు పట్టినంత పట్టుకోవాలి. సాయంత్రం ఊళ్ళో అందరి పిందె దుంపలూ ఒక్క గుండిగలో పోసి వేపుడు చేశారు. కడుపు నిండా తిన్నాం. ఒకరి దుంపలు ఒకరు తింటున్నామన్న తృప్తి వల్ల కాబోలు, ఉప్పు తక్కువైందని కూడా ఎవరూ అనలేదు. చలికాపు నమస్కారం పెట్టి, అందరూ సామాన్లు సర్దుకోగలరని చెప్పింది. చినమావగారు లేచి వెళ్ళి దాని నోటి మీద తన తలపాగా చుట్టి వచ్చారు. ఆయన ప్రెసిడెంటుగా చేసిన పనుల్లో నాకు నచ్చిన పని అదొక్కటే.

లాగ్ 9. శుక్రవారం

తెల్లవారుజామునే లేచాను. ఇంటి చూరుకి చలికాటు పేరుకుని ఉంది. తలుపు గడియ ముట్టుకుంటే వేలు అతుక్కుంది. స్తంభం, కుర్చీలు, గుండిగ, అన్నీ తెల్లగా ఉన్నాయి. ఇంత చలి ఇక్కడ దిగాక ఎప్పుడూ చూడలేదు. కాళ్ళు మడుల వైపు నడుస్తున్నాయి గానీ మనసు వెనక్కి లాగుతోంది. చూడకుండా ఉన్నంతసేపూ మొక్కలు బతికున్నట్టే కదా అనిపించింది.

వీరమణి అప్పటికే పెద్దకాలువ ఇవతల నిలబడి ఉంది. దుప్పటి కప్పుకుని, అవతలికి చూస్తూ ఉంది. అవతల చూడటానికి ఏమీ లేదు. మడులు లేవు, గట్లు లేవు. కాలువ దగ్గర మొదలై ఆ చివరిదాకా తెల్లటి పొగమంచు, గోడ కట్టినట్టు నిలబడి ఉంది. పోయిన వారాల్లో మడుల మీద తేలే పల్చటి పొగ కాదు ఇది. చెయ్యి చాపితే చెయ్యి కనబడడం లేదు.

ఆకులెలా ఉన్నాయక్కా అని అడిగింది. ఉండు, చూసొస్తాను అని, రోజూ దాటినట్టే ఒక్క అంగ వేశాను.

కాలువ మధ్యలో పడ్డాను. నడుం లోతు నీళ్ళు. నోట్లోకి పోయాయి, ముక్కులోకి పోయాయి. వెనక వీరమణి కేక వేసింది. నేను వెంటనే జవాబివ్వలేదు. భయం వల్ల కాదు. నీళ్ళు వెచ్చగా ఉన్నాయి. పైన చూరు మీద చలికాటు పేరుకున్న తెల్లవారుజామున, కాలువలో నీళ్ళు పసిపిల్లకి పోసే స్నానం నీళ్ళలా వెచ్చగా ఉన్నాయి. నిన్నటి ఎండ మొత్తం అందులోనే ఉంది. నేను వాటిలో నిలబడి, ఒళ్ళు తెలియకుండా కాసేపు అలాగే ఉండిపోయాను.

తర్వాత తడుముకుంటూ అవతలున్న విత్తనపు మడి అంచు పట్టుకున్నాను. కళ్ళకి ఏమీ కనబడదు. చెయ్యి పైకెత్తి మడి మీద వెతికాను. ఒక ఆకు తగిలింది. చలికాటు పడ్డ ఆకు గాజులా బిరుసుగా ఉంటుంది, ముట్టుకుంటే విరుగుతుంది. ఇది విరగలేదు. మెత్తగా, తడిగా, నా వేళ్ళ చుట్టూ వంగింది. పక్క మొక్క పట్టుకున్నాను. అదీ అంతే. నీళ్ళలోనే అంచు వెంబడి నడుస్తూ మూల దాకా వెళ్ళాను, ఆ నాలుగు మొక్కలు పోయిన మూలకి. అక్కడా అంతే.

"వీరమణీ" అన్నాను. "నువ్విక్కడే కంటావు."

గట్టు మీద నుంచి వెక్కి వెక్కి ఏడవడం వినబడింది. ఓడలో ఏడవాల్సిన ఏడుపు కూడా కలిపి ఏడ్చిందనుకుంటాను. ఈసారి నేను ఏడవలేదు. ముఖమంతా ముందే తడిగా ఉంది కాబట్టి ఎవరికీ తెలియదు.

కేక విని ఊరంతా వచ్చింది. చినమావగారు గట్టు మీద నిలబడి, పొగమంచులోకి చూస్తూ, మా మడి వైపు తాను రాయి అవతల ఒక చెయ్యి ఎక్కువ తవ్వడం వల్లే ఇది సాధ్యమైందని లాగ్‌లో రాయమన్నారు. రాశాను. మా ఆయన నాకు చెయ్యి అందించి పైకి లాగారు. లాగి, కాలువ వెడల్పు ఒకసారి చూసుకుని, ఇంత అవసరమా, ఒక్క వరస పట్టేది అని గొణిగారు. ఆయన పార తీసుకుని నేను చిత్తడిలోకి విసిరేశాను.

కాలువల పరిస్థితి: నీళ్ళున్నాయి. నా మోకాలు మళ్ళీ నొప్పి మొదలెట్టింది. పెద్దకాలువ దాటడానికి నాకు పలక కావాలి. కమిటీవారు వెంటనే మంజూరు చెయ్యగలరు.